కొక్కేనికి హెల్మెట్

"తాతబాబూ! పలకవేట్రా!"

సూపర్‌వైజర్ గుణశేఖర్ అరుపు రిపేరుకొచ్చిన బార్జి పడవ చీకటి ట్యాంకులోకి దిగి, అదే గొంతుతో తిరిగి వచ్చింది. మ్యాన్‌హోల్ పక్క కొక్కేనికి తాతబాబు పేరు రాసున్న హెల్మెట్ వేలాడుతోంది. విశాఖ హార్బరు పక్కనున్న ఆ రిపేరు యార్డులో అదొక్కటే లెక్క. దిగేవాడు హెల్మెట్ కొక్కేనికి తగిలిస్తాడు, పైకొచ్చాక తీసి పెట్టుకుంటాడు. హెల్మెట్ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టే.

నెలల తరబడి మూసి ఉంచిన ట్యాంకు అది. లోపలి గాలిలోని ప్రాణవాయువుని తుప్పు ఎప్పుడో తినేసి ఉంటుంది.

గుణశేఖర్‌కి పొద్దున్నుంచే మనసు బాగోలేదు. ఆకాశం బొగ్గుపొడి చల్లినట్టుంది. డెక్కు మీద ఎవరో పడేసిన హెల్మెట్ కాలికి తగిలి బోర్లా పడబోయాడు. తిట్టుకుంటూ దాన్ని అడ్డు తీశాడు. ఇప్పుడు ఇదొకటి.

"మాస్కులొచ్చేదాకా ఎవుడూ దిగొద్దు!" అని చుట్టూ మూగిన పనివాళ్ళ మీద అరిచాడు.

"అప్పటిదాకా మడిసుంటాడేటి బావా?" అంటూ అతని బామ్మర్ది బాబీ దిగనే దిగాడు. నిచ్చెన సగంలో పట్టు వదిలేశాడు. దబ్బుమని చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

పనివాళ్ళలో ఒకడైన శ్రీరామ్మూర్తి చొక్కా విప్పాడు. "నానెల్తాను."

గుణశేఖర్ అతన్ని నడుం పట్టి వెనక్కి లాగాడు. "నువ్వూ పడిపోతే నిన్నెవడు తెత్తాడ్రా?"

కింద పడి ఉన్నది గుణశేఖర్ భార్య దేవిశ్రీ తమ్ముడు. ఉద్యోగంలో పెట్టించింది తనే. అయినా శ్రీరామ్మూర్తి నడుం వదల్లేదు, వదిలితే తనే దూకేస్తానని భయం.

గాలి సిలిండర్లు కట్టుకున్నవాళ్ళు వచ్చి బాబీని తాడుతో పైకి లాగారు. ఊపిరుంది. మళ్ళీ దిగి మూలమూలా వెతికారు.

"లోపల ఇంకెవరూ లేరు సార్."

"మరి తాతబాబు ఏటైపోనాడు?"

"నానా?" గుంపు వెనకనుంచి తాతబాబు. చేతిలో టిఫిన్ పొట్లం, కళ్ళనిండా నీళ్ళు. "ఎవులో పోనారంటే ఏడుత్తన్నాను. ఎవులని అడిగితే ఒక్కడూ సెప్పడేటి!"

"నీ హెల్మెట్ కొక్కేనికెందుకుందిరా?"

"టిఫిన్‌కి ఎల్తూ డెక్కు మీద పడీసినాను. కొక్కేనికి ఎవులెట్టారో నాకేటి తెల్సు?"

గుణశేఖర్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఎవుడ్రా తగిలించింది? పేరు సెప్పండి. ఇయాలే గేటు బయట పడేత్తాను!"

స్ట్రెచర్ మీద బాబీ ఆక్సిజన్ మాస్కు కొంచెం పైకెత్తాడు.

"పొద్దున్న డెక్కు మీంచి తీసి తగిలిత్తంటే సూసినాను. ఆడు దిగడం సూసే తగిలించావనుకున్నాను... నువ్వే, గుణా బావా."

గుణశేఖర్ తన తలమీది హెల్మెట్ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలోనే పట్టుకున్నాడు.