గడప దాటని ఫైలు

గురువారం పొద్దున శశికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా హోసూరు మూకండపల్లిలోని కంపెనీకి చేరడం, కృష్ణగిరి ఆఫీసు నుంచి ఒక్క ఫైలు తెప్పించుకోవడం, మధ్యాహ్నం మనశ్శాంతిగా నాలుగు ముద్దలు తినడం. మంగళవారమూ పథకం ఇదే. బుధవారమూ ఇదే.

ప్లాస్టిక్ సామాన్లకు అచ్చులు చేసే కంపెనీ అది. హోసూరు కంప్యూటర్లలో ఉన్నదంతా రోజూ రాత్రి నెట్‌వర్క్ మీద కృష్ణగిరి ఆఫీసుకు పోయి అక్కడ నకలుగా పడుంటుంది. సోమవారం హోసూరులో డిస్కు కాస్తా చచ్చిపోయింది. నకలుంది కదా అని శశికుమార్ ధీమాగా ఉన్నాడు. ఉత్తరాలు, ఫొటోలు, చిన్నా చితకా ఫైళ్లన్నీ బుద్ధిగా తిరిగొచ్చాయి. కావాల్సిన కొత్త అచ్చు డిజైను మాత్రం ఏనుగంత ఫైలు. రావడానికి సగం రోజు పడుతుంది. అదే దారిలో తెగిపోతోంది, తెగితే మళ్లీ మొదటి నుంచే. మంగళవారం మధ్యాహ్నం మూడు కావస్తుండగా తెగింది. బుధవారం పన్నెండు కావస్తుండగానే తెగింది.

ఆ డిజైను చూడటానికి, అచ్చు కొనబోయే బెంగుళూరు పార్టీ ఈరోజు రెండింటికి వస్తోంది. యజమాని సుబ్బరాయప్ప నిన్ననే చెప్పేశాడు: "వాళ్లొచ్చేలోగా ఫైలు రాలేదంటే, రేపట్నుంచి నువ్వూ రావద్దప్పా."

శశికుమార్‌ది బాగలూరు. ఏళ్లతరబడి బెంగుళూరు బస్సుల్లో వేలాడాక ఇంటి దగ్గర దొరికిన ఉద్యోగం ఇది. మళ్లీ ఆ బస్సెక్కే ఉద్దేశం అతనికి లేదు.

"డిస్కులో వేసి ఎవురిచేతన్నా పంపిస్తే పోలా సార్?" అని అడిగి చూశాడు.

"ఒకసారి పంపిస్తే బస్సులోనే మర్చిపోయి దిగినారు. మన డిజైను మళ్లా బస్సెక్కకూడదు," అన్నాడు సుబ్బరాయప్ప.

కృష్ణగిరి ఆఫీసులో ఉండేది మంజులమ్మ ఒక్కతే. ఫోన్లో అడిగినదానికే జవాబు చెప్పడం ఆమె పద్ధతి.

"కరెంటు పోతా ఉండాదా అమ్మా?"

"లేదప్పా."

"వైరు ఎలుకలేమన్నా కొరికినాయా?"

"ఈడ ఎలుకలు యాడివి? పిల్లి ఉండాది."

"ఆ గదిలోకి ఎవురన్నా వస్తారా?"

"నేను దప్ప ఎవురూ రారప్పా."

శశికుమార్ మంగళవారం పిల్లిని అనుమానించాడు. బుధవారం వైరును అనుమానించి కొత్తది వేయించాడు. ఈరోజు దారంతా ఫైలుకే వదలాలని, కంపెనీలో నెట్ వాడే ప్రతిదాన్నీ ఆపేశాడు. దాంతో గేటు దగ్గర వేలిముద్రల మిషను ఆగింది. వేలు పడందే హాజరు లేదు, హాజరు పడందే లోపలికి రామని కార్మికులు గేటు బయటే నిలబడ్డారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఫైలు నడుస్తోంది గానీ కంపెనీ ఆగిపోయింది.

"మిషన్లన్నీ నిల్చిపోయినాయి! ఏం జేసినావప్పా?" అంటూ సుబ్బరాయప్ప పరుగెత్తుకొచ్చాడు. చివరికి కాగితం మీద సంతకాలు పెట్టించి అందర్నీ లోపలికి పంపాడు. వీణ్ణి ఒంటరిగా వదిలితే ఇంకేం ఆపుతాడోనని పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

ఒంటిగంట దాటింది. తొంభై ఆరు శాతం వచ్చింది. మంజులమ్మ ఫోన్లోనే ఉంది. మాట యజమానికీ వినపడేటట్టు పెట్టాడు శశికుమార్. ఇద్దరూ తెర మీంచి కళ్లు తిప్పడం లేదు.

"ఉండప్పా," అంది మంజులమ్మ. "టయిమైంది. పెట్టె ఆపేసి వస్తాను."

"ఏం పెట్టెమ్మా?"

"ఫైలు పొయ్యే పెట్టె. రాహుకాలం గదా."

శశికుమార్ గోడ మీద క్యాలెండరులో రాహుకాలాల వైపు చూశాడు. మంగళవారం మూడు. బుధవారం పన్నెండు. గురువారం ఒకటిన్నర. అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఆపొద్దు!" అని గావుకేక పెట్టాడు సుబ్బరాయప్ప.

"రాహుకాలంలో మన ఆఫీసు నుంచి ఏ సరుకూ గడప దాటగూడదని మీరే గదా సార్ చెప్పినారు. వచ్చేదానికి లేదు, పొయ్యేదానికే అన్నారు."

"అది సరుకు గురించి చెప్పినాను!"

"దీనికోసరమే గదా పార్టీ వచ్చేది? మరి ఇది సరుకు గాదా?"

ఒక పక్క పార్టీ, ఇంకో పక్క రాహువు. సుబ్బరాయప్ప నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది. "మంజులమ్మా, నువ్వు జూసేది గోడ గడియారమే గదా? అది పది నిమిషాలు ముందుండాది. నువ్వు లేటుగా వస్తావని నేనే తిప్పించినాను."

"అది తెలిసే గదా సార్ నేను పది నిమిషాలు లేటుగా వచ్చేది."

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. అక్కడ బిగుసుకుపోయింది. శశికుమార్ చేతివాచీలో ఒకటిన్నర అయింది.

"ఇప్పుడు నిజం రాహుకాలమే సార్," అంది మంజులమ్మ. "ఆపేదా?"

సుబ్బరాయప్ప కళ్లు మూసుకున్నాడు. "అది పది గాదు. పదైదు నిమిషాలు ముందుండాది."

ఫైలు వచ్చేసింది. శశికుమార్ తెరిచి చూశాడు. అచ్చు మొత్తం, మూలమూలలా, చెక్కుచెదరకుండా ఉంది. సుబ్బరాయప్ప అతని వీపు తట్టి, రేపు పొద్దున తొందరగా రమ్మన్నాడు.

అంతలో బెంగుళూరు పార్టీ ఫోన్ చేసింది. ఇంకా ఇల్లు కదల్లేదట. ఇప్పుడు రాహుకాలమట, మూడు దాటాకే బయల్దేరతారట.

సుబ్బరాయప్ప ఫోన్ పెట్టేసి, తల కొట్టుకున్నాడు. "ఈ కాలంలో గూడా ఇట్లాంటివి నమ్మేవాళ్లు ఉండారా అప్పా?"

ఉద్యోగం అప్పుడే నిలబడింది కనక, శశికుమార్ లేరన్నాడు.