స్వాగతానికి రెండు జెండాలు

నౌకాదళంతో మా పట్టణానికి ఉన్న అనుబంధం నూట ఇరవై ఏళ్ల నాటిదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (కిందటి సమావేశం దాకా అది తొంభై ఏళ్లే. ఆహ్వాన పత్రికలో తొంభై మరీ బోసిగా ఉందని అధ్యక్షులవారు అనడంతో ముప్పై చేర్చారు. చరిత్ర అభ్యంతరం చెప్పలేదు.) అప్పట్లో ఒక యుద్ధనౌక మంచినీళ్ల కోసం మా రేవులో ఆగింది, కుళాయి దగ్గర పట్టుకుంది, వెళ్లిపోయింది. అనుబంధమంటే అదే. ఆ కుళాయి దగ్గర ఇప్పుడు పాలరాతి ఫలకం పెట్టారు. ఫలకం బిగించడానికి పైపు పగలగొట్టిన రోజు నుంచి నీళ్లు రావడం లేదు.

నిజం చెప్పాలంటే ఈ అనుబంధాన్ని ఇన్నాళ్లూ లాక్కొచ్చింది రేవు వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ. ఓడలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సంకేత జెండాలు కుడుతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని కాబట్టి ఊరంతా జెండాలమ్మ అంటారు. పూర్తి సెట్టు నలభై జెండాలు, దేని అర్థం దానిదే. ఆమె కూతురు మిషను కింద గుడ్డముక్కల్లో కూర్చుని అ ఆల కంటే ముందు అవే నేర్చుకుంది. ఇప్పుడు యుద్ధనౌకలో జెండాలు చదివి కెప్టెనుకు చెప్పే ఉద్యోగం చేస్తోంది.

ఈ అనుబంధం పేరిట సంఘం జరిపే ఉత్సవానికి వచ్చే నౌక సరిగ్గా ఆ అమ్మాయిదే. రెండేళ్ల తర్వాత రెండు గంటలు ఒడ్డున దిగుతుంది. ఓడలో దిండు గరుకుగా ఉందని ఫోనులో ఎప్పుడో అన్నదట. జెండాలమ్మ మెత్తటి గుడ్డతో రెండు గలీబులు కుట్టి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టుకుని వారం ముందే సిద్ధమైంది.

ఉత్సవ కమిటీవారు ఆమె దగ్గర ఒక పూర్తి సెట్టు తీసుకున్నారు. ఏ జెండా పక్కన ఏది ఉండాలో చూసుకుని, అన్నీ ఒకే తాడుకు కట్టి ఇచ్చింది. తాడు సుందరీకరణ ఉపసంఘానికి చేరింది. నలభై రకాలు కళ్లకు గందరగోళంగా ఉన్నాయని ఉపసంఘం ముడులు విప్పించింది. వేదిక మీది సోఫా గుడ్డకు నప్పేవి రెండే కనబడ్డాయి, రెండూ నాలుగు గళ్లవి. వాటిని రేవు చివరి స్తంభాలు రెండింటికీ కట్టించారు.

ఎరుపు తెలుపు గళ్ల జెండాకు అర్థం 'మీరు ప్రమాదంలోకి వస్తున్నారు'. పసుపు నలుపు గళ్ల జెండాకు అర్థం 'వెంటనే ఆగండి'. రెండింటి మధ్య 'సుస్వాగతం' అని పెద్ద బ్యానరు కట్టారు. (ఫొటోల సౌకర్యార్థం బ్యానరు ముఖం ఊరివైపు ఉంది.)

ఉత్సవానికి ముందురోజు ఉదయం జెండాలమ్మ అది చూసి నేరుగా పురపాలక కార్యాలయానికి వెళ్లింది. జెండాల అభ్యంతరాల కౌంటరులో గుమాస్తా పద్ధతి తెలిసిన మనిషి.

"కూర్చోండమ్మా. వెలిసిందా, చిరిగిందా, తిరగబడిందా?"

"అవేం కాదు బాబూ. అర్థం తప్పు. రేపు ఓడ రావాలంటే ఆ రెండూ దించాలి."

"అర్థానికి కాలమ్ లేదమ్మా. ఈ మూడే ఉన్నాయి."

"ఇతరములు అని ఉండేదిగా?"

"ఉండేది. అందరూ అందులోనే రాస్తున్నారని తీసేశారు." కాసేపు ఆలోచించి మంచి మనసుతో సలహా ఇచ్చాడు. "తిరగబడింది అని టిక్కు పెట్టండి. కనీసం ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు."

వెళ్లి చూశారు కూడా. సాయంత్రానికల్లా తనిఖీ నివేదిక వచ్చింది: 'గళ్లు నాలుగుకు నాలుగూ ఉన్నవి. తిరగబడిన దాఖలాలు లేవు.' ఆమె తనే వెళ్లి దించబోతే కాపలాదారు అడ్డుపడ్డాడు. "అత్తా, నీ జెండాలే కావచ్చు. తాడు మాత్రం ఉత్సవానిది. ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది." ఆమెకు ఏడుపొచ్చింది. అయినా ఇంకొకరి ఉద్యోగం తీసే మనిషి కాదు కనుక ఇంటికి పోయింది. కూతురికి చెబుదామంటే ఓడ నడిసముద్రంలో ఉంది, ఫోను కలవలేదు.

మర్నాడు ఉత్సవం దివ్యంగా మొదలైంది. ప్రసంగాలకు అంతరాయం కలగకుండా సెల్‌ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు అన్నీ ఆపాలని ఉత్తర్వు ఉండటంతో రేవు కార్యాలయం కూడా తన సెట్టు ఆపేసి ముందు వరుసలో కూర్చుంది. అధ్యక్షులవారి ప్రసంగం తొంభై ఏళ్లు దాటి కొత్తగా చేర్చిన ముప్పైలోకి అడుగుపెడుతుండగా దూరంగా నౌక కనిపించింది. బ్యాండు అందుకుంది. సాధారణ ప్రజల తాడు వెనక జెండాలమ్మ సంచి గుండెకు అదుముకుని నిలబడింది.

నౌక ఆగింది. కాసేపు అలాగే నిలబడింది. ఒకసారి గట్టిగా కూత వేసి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

అధ్యక్షులవారు తడుముకోలేదు. "చూశారుగా, దూరం నుంచే వందనం. ఎంత గౌరవం ఉంటే దగ్గరికి రావడానికి మొహమాటపడతారు," అన్నారు. చప్పట్లు మోగాయి. (నేనూ కొట్టాను. పక్కాయన కొడుతున్నాడు.)

సాయంత్రం పక్క రేవు చేరాక కూతురు ఫోన్ చేసింది. నా చొక్కా గుండీలు కుట్టించుకోవడానికి వెళ్లి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. జెండాలమ్మ స్పీకరులో పెట్టింది.

"అమ్మా, నువ్వు బాగానే ఉన్నావా? ఊళ్లో ప్రమాదమేంటి?"

"ఏమీ లేదమ్మలూ. అందం కోసం కట్టారంతే."

"కెప్టెన్‌గారూ అదే అన్నారమ్మా. అలంకారమై ఉంటుంది, పోదాం పదండి అన్నారు. నేనే ఒప్పుకోలేదు. దుర్భిణిలో నీ కుట్టు కనబడింది. అది మా అమ్మ చేతిది, మా అమ్మ అర్థం లేకుండా జెండా ఎగరనివ్వదు అని చెప్పాను."

జెండాలమ్మ నా గుండీలు అయిదూ కుట్టి ఇచ్చాకే కళ్లు తుడుచుకుంది.

వారం తర్వాత ఆమెకు పురపాలక సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: 'మీ అభ్యంతరం పరిశీలించబడినది. ఉత్సవం ముగిసినందున జెండాలు దించబడినవి. మీరు పూర్తిగా సంతృప్తి చెందినట్లు నమోదు చేసుకున్నాము.'