పాత సిస్టమ్ భద్రంగా ఉంది

పెద్దాసుపత్రి కంప్యూటర్లన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ జయప్రదంగా ఎక్కించబడినదని ప్రజలకు తెలియజేయడమైనది. పని పూర్తికాకముందే సన్మానసభ జరిగిపోయింది కనుక, జయప్రదం కాకుండా ఉండే అవకాశం దానికి ఎటూ లేదు.

సూపరింటెండెంటుగారు ముందుచూపున్న మనిషి. కొత్తది మొండికేస్తే అక్కరకొస్తుందని పాత సిస్టమ్‌ను, అందులోని రోగుల వివరాలతో సహా, అవే కంప్యూటర్లలో ఉంచమన్నారు. ఒక్క బటన్ నొక్కితే పాతది లేచి కూర్చుంటుంది. కాకపోతే ఆ బటన్ నొక్కాలంటే కొత్తది విఫలమైందని ఆయన సంతకం పెట్టాలి. మెడలో దండ వాడకముందే అలాంటి సంతకం పెట్టే అమాయకుడు సూపరింటెండెంటు దాకా ఎలా వస్తాడు?

"వెనుదిరిగి చూసే అలవాటు ఈ సంస్థకు లేదు," అని ఆయన సభలో సెలవిచ్చారు. చప్పట్లు కొట్టిన గుమాస్తాల కంప్యూటర్ తెరల మీద అప్పటికే చిన్న చక్రం గిరగిరా తిరుగుతోంది.

మర్నాడు ఒక కూతురు తల్లిని ఆపరేషన్‌కు తీసుకొచ్చింది. ఆ తల్లికి ఒక మత్తుమందు పడదు. క్రితంసారి ఇక్కడే అది ఎక్కిస్తే గొంతు వాచి చావు అంచుదాకా వెళ్లొచ్చింది. మందు పేరు కూతురికి గుర్తులేదు, ఆసుపత్రివాళ్లు రాసుకున్నారు కదా అని ధీమా. చదువుకున్న పిల్లే, అయినా ఆసుపత్రిని నమ్మింది.

కౌంటర్లో కంప్యూటర్ ఆపరేటరు అంతా శ్రద్ధగా విని తెరమీది చక్రాన్ని చూపించాడు. ఆవిడ వివరాలు పాతదాంట్లోనే ఉన్నాయన్నాడు. అది తెరవమని ఆమె బతిమాలింది.

"తెరవొచ్చమ్మా, నిమిషం పని. పెద్దాయన సంతకం లేకుండా తెరిస్తే కొత్తది పనిచెయ్యట్లేదని నేనన్నట్టవుతుంది. నాకూ పెళ్లాం పిల్లలున్నారు."

"నాకు అమ్మ ఉందండీ," అంది ఆమె.

దీనికి జవాబు నిబంధనల్లో లేదు. లైన్లో నిలబడ్డ మన దగ్గర మాత్రం ఉంది. పొద్దుట్నుంచి ఒక్కరి పనీ కాలేదు, కాళ్లు పీకుతున్నాయి. ఆ కోపం సూపరింటెండెంటు గది వైపు వెళ్లడానికి జంకి ఆమె మీద పడింది. మేం ఓపిక పట్టట్లేదా, నీ ఒక్కదానికే తొందరా, కొత్తన్నాక నాలుగు రోజులు ఇబ్బంది ఉండదా అని తలా ఒక మాట అన్నాం. ఆమె బతిమాలడం మాని కౌంటరు దగ్గరే నిలబడింది. అప్పటికే తల్లిని లోపలికి తీసుకెళ్లారు. అక్కడ మత్తు డాక్టరు వివరాల కోసం కాసేపు చూసి, వేళ మించిపోతోందని అందరికీ ఇచ్చే మందే తల్లికీ ఇచ్చేశారు.

కబురొచ్చేసరికి ఆమె ఇంకా లైన్లోనే ఉంది. సూపరింటెండెంటుగారు అప్పటికప్పుడు స్వయంగా విచారణ జరిపి, పాత సిస్టమ్ చెక్కుచెదరలేదని, మృతురాలి వివరాలు అందులో భద్రంగా ఉన్నాయని ప్రకటించారు. కూతురు ఏడుస్తూ పక్కకు తప్పుకుంది. లైను కదిలినందుకు సంతోషించి, మనం ముందుకు జరిగాం.