లెక్కల లిఫ్ట్

"ఈ ఏటి నుంచి లెక్కల్లో ఏ బిడ్డా కింద ఉండడానికి వీల్లేదు" అని విద్యాశాఖ మంత్రిగారు మా మనవరాలి బడి ఆవరణలో నిలబడి ప్రకటించారు. ముందు వరసలో కూర్చున్న నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. నా వయసు వాళ్ళకి చప్పట్లు మంచి వ్యాయామమని డాక్టరు చెప్పాడు. పైగా మంత్రిగారి మాటలో అబద్ధం లేదు. ఆయన అన్నది అక్షరాలా జరిగింది. ఎలా జరిగిందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు. నేను కోతలు కోస్తానని మా ఇంట్లో పేరుంది గానీ, ఈసారి నాకా శ్రమ లేకుండా పోయింది.

ముందు ఆ బడి సంగతి చెప్పాలి. నేను చదివిన పల్లెటూరి బడికి అంతస్తులు లేవు. గాలివాన వస్తే కప్పు కూడా ఉండేది కాదు. ఇది అలాంటిది కాదు. కింద అంతస్తులో అంకగణితం, మొదటి అంతస్తులో బీజగణితం, రెండో దాంట్లో రేఖాగణితం, మూడో దాంట్లో కాల్క్యులస్. ఒక కోర్సు పాసైన పిల్లలు సంచీ భుజాన వేసుకుని పై అంతస్తుకి వెళ్ళాలి. ఇబ్బందల్లా ఏమిటంటే, ఎక్కువమంది కిందే ఉండిపోయారు. భిన్నాల దగ్గరే బండి ఆగిపోయేది. కింద గది సంతలా ఉండేది. పైన కాల్క్యులస్ మేడమ్ ముగ్గురు పిల్లలతో, కిటికీలో పావురాలతో కాలక్షేపం చేసేది.

మంత్రిగారు తనిఖీకి వచ్చి, ఇంతమంది కింద ఎందుకున్నారని బడి డైరెక్టరుగారిని అడిగారు. భిన్నాలు రాక, అని డైరెక్టరుగారు చెప్పారు. మంత్రిగారు మెట్లవైపు చూశారు.

"ఆ మెట్లు చూడవయ్యా, ఎంత నిటారుగా ఉన్నాయో. పసివాళ్ళు ఎలా ఎక్కుతారు?"

చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి కమిటీలు వేసి కనిపెట్టలేని జబ్బుని ఆయన ఒక్క చూపుతో పట్టేశారు. అలా మా బడికి లిఫ్ట్ వచ్చింది.

లిఫ్ట్‌లో పైకి వెళ్ళే మీట ఒక్కటే ఉంది. కిందకి వచ్చే మీట పెట్టొద్దని మంత్రిగారే చెప్పారట. చదువులో ముందుకి పోవాలి గానీ వెనక్కి రావడమేమిటని ఆయన ప్రశ్న. బిగించేవాళ్ళు ఆ మీటని సంచీలో వేసుకుని వెళ్ళారు. ప్రారంభోత్సవం నాడు ఒక్క పూటలో బడి పిల్లలందరినీ మూడో అంతస్తుకి చేరవేశారు. మర్నాడు పేపర్లో "నూటికి నూరు శాతం కాల్క్యులస్" అని పడింది. మా మనవరాలు పొద్దున భిన్నాల్లో ఉంది, మధ్యాహ్నం అన్నం వేళకి కాల్క్యులస్‌లో ఉంది. మా వంశంలో ఇంత వేగంగా పైకొచ్చినవాళ్ళు లేరు.

సాయంత్రం ఇంటికెలా రావాలన్న చిక్కు వచ్చింది. పిల్లలు మెట్లు దిగితే అది వెనకబాటు కాదా అని ఎవరో అనుమానం లేవనెత్తారు. డైరెక్టరుగారు రాత్రంతా కూర్చుని ఒక సర్క్యులర్ తయారుచేశారు. పిల్లలు మెట్లు దిగవచ్చు, అయితే దిగేటప్పుడు ముఖం పైకే ఉండాలి. అప్పటినుంచి సాయంత్రం గంట కొట్టగానే బడి మొత్తం వెనక్కి నడుస్తూ కిందకి వచ్చేది. గేటు దగ్గర నిలబడి చూస్తే ఏదో రాజుగారికి వీపు చూపకుండా సెలవు తీసుకుంటున్నట్టు ఉండేది. ఎంత వినయమో.

మా ఇంట్లో మాత్రం ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. మా కోడలు పెద్దాసుపత్రిలో వార్డు నర్సు. మనవరాలికీ నర్సు కావాలనే పట్టుదల. చదువు ముగియగానే నర్సింగ్ కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలి. మా కోడలు కూర తరుగుతూ కూతురిని ఓ ప్రశ్న అడిగింది. డాక్టరు పావు మాత్రలో సగం వెయ్యమన్నారు, మొత్తం మాత్రలో ఎన్నో వంతు వేస్తావు? పిల్ల వేళ్ళు మడిచింది. పావంటే నాలుగు, సగమంటే రెండు, కలిపితే ఆరు.

"ఆరో వంతు, అమ్మా."

మా కోడలు కత్తి పక్కన పెట్టింది.

"ఆరో వంతు వేస్తే ఆ మనిషి పొద్దున లేవడు. నువ్వు చదివేది కాల్క్యులస్ కదే?"

"కాల్క్యులస్‌లో మాత్రలు లేవమ్మా."

ఆ రాత్రి పిల్ల అన్నం సరిగ్గా తినలేదు. తెల్లారాక నాతో చెప్పింది, "తాతయ్యా, నేను కిందకి వెళ్ళి నేర్చుకుంటాను" అని. అలాంటి మాట పైకి అనకూడదని మందలించాను. నిజానికి కింద అంతస్తు ఖాళీగా లేదు. అంకగణితం పోస్టు ఆ అంతస్తుకే మంజూరైంది కాబట్టి, దాని మాస్టారు అక్కడే ఉండాలి. పిల్లలు ఆయన్ని భిన్నాల మాస్టారు అనేవారు. ఆయన రోజూ వేళకి వచ్చి, ఖాళీ బెంచీలకి హాజరు పిలిచి, బోర్డు మీద భిన్నాలు రాసి, అర్థమైందా అని అడిగి, మళ్ళీ తుడిచేవారు. బెంచీలు అల్లరి చెయ్యకపోవడం ఒక్కటే ఆయనకి దక్కిన సుఖం.

మెట్ల దగ్గర వాచ్‌మన్ కాపలా. బడి వేళల్లో ఎవరినీ దిగనివ్వకూడదని ఆర్డరు. మా మనవరాలు ముఖం పైకి పెట్టి, వెనక్కి ఒక్కో మెట్టే దిగుతూ వచ్చింది. వాచ్‌మన్ తలెత్తి చూశాడు.

"ఎటమ్మాయ్?"

"పైకి బాబాయ్. నా ముఖం ఎటుందో కనిపించట్లేదా?"

వాచ్‌మన్ చూశాడు. ముఖం పైకే ఉంది. సర్క్యులర్ చదివిన మనిషి కనుక వదిలేశాడు. పిల్ల అలా పైకి వెళ్తూ వెళ్తూ కింద అంతస్తుకి చేరింది. మాస్టారు హాజరు పిలుస్తుంటే ఒక బెంచీ "ఉన్నాను సార్" అంది. పాపం, ఆయన చేతిలో సుద్దముక్క జారిపోయిందట.

ఇలా రోజూ జరిగింది. పిల్ల మెల్లగా సగాలు దాటింది, మూడో వంతులు దాటింది. పావులో సగం దగ్గరికి వస్తుండగా మంత్రిగారు విజయోత్సవానికి విచ్చేశారు. తల్లిదండ్రుల కమిటీలో పెద్దవాణ్ణి కనుక నేనూ అక్కడే ఉన్నాను.

లిఫ్ట్‌లో ఎనిమిది మందికే చోటని రేకు మీద రాసుంది. మంత్రిగారితో కలిపి పన్నెండు మంది ఎక్కారు. ఎనిమిది దాటారేమో అని డైరెక్టరుగారు బయటినుంచి నసిగారు.

"మేమంతా మంత్రిగారిలో భాగాలమే. వేరే లెక్కెందుకు?" అన్నాడు పీఏ.

ఆ లెక్కన లోపలున్నది ఒక్కరే. మీట నొక్కారు. లిఫ్ట్ భక్తిగా కదిలి, రెండో అంతస్తు దాటి, మూడోది చేరకుండా మధ్యలో ఆగిపోయింది.

మెకానిక్ వచ్చి చూశాడు. ఇంత బరువు మీద పైకి లాగడం కుదరదు, చేత్తో మెల్లగా కిందకి దించడమే దారి అన్నాడు. తలుపు సందులోంచి మంత్రిగారి గొంతు వినిపించింది. బడి వేళల్లో ఎవరూ కిందకి రాకూడదని సంతకం పెట్టింది తానేననీ, తన మాట తానే తప్పితే పిల్లలకి ఏం నేర్పినట్టనీ, ప్రాణం పోయినా మూడో అంతస్తులోనే కాలు పెడతాననీ చెప్పారు. ఆ నిలకడ చూసి నాకు కళ్ళు చెమర్చాయి. లోపల గాలి తగ్గుతున్నందువల్ల కాబోలు, ఆయనకీ చెమర్చాయట.

డైరెక్టరుగారు మాత్రం తడుముకోలేదు. అటెండరుని స్క్రూడ్రైవరు తెమ్మన్నారు. మూడో అంతస్తు బోర్డు విప్పి తెచ్చి కింద గది గుమ్మానికి బిగించారు. కింద అంతస్తు బోర్డు పైకి పంపించారు. అప్పుడు మెకానిక్ లిఫ్ట్‌ని మెల్లగా వదిలాడు.

"ఏ అంతస్తు ఇది?" అన్నారు మంత్రిగారు, తలుపు తెరవగానే.

"మూడోది సార్. బోర్డు చూడండి."

మంత్రిగారు బోర్డు చదివి, తృప్తిగా ఊపిరి పీల్చి, దాని కింద నిలబడి ఫోటో తీయించుకుని గదిలోకి వెళ్ళారు. భిన్నాల మాస్టారు లేచి నిలబడ్డారు. ముందు బెంచీలో మా మనవరాలొక్కతే. నేను డైరెక్టరుగారి వెనక్కి జరిగాను. బోర్డు మీద పావు, సగం, మధ్యలో గుణకారం గుర్తు ఉన్నాయి.

"ఇదేనన్నమాట కాల్క్యులస్" అన్నారు మంత్రిగారు.

"ఇది పావులో సగమండి" అన్నారు మాస్టారు. ఆయనకి అబద్ధం చేతకాదు.

"లోతైన విషయం." మంత్రిగారు పిల్లవైపు తిరిగారు. "నీకు అర్థమవుతోందా తల్లీ?"

"ఇప్పుడిప్పుడే సార్."

మంత్రిగారి ముఖం చిన్నబోయింది. ఇన్ని లక్షలు పోసి లిఫ్ట్ పెడితే కాల్క్యులస్‌కి చేరింది ఒక్క పిల్లా, మిగతావాళ్ళేరని గద్దించారు. వాళ్ళు పైన, అంటే కింద ఉన్నారని డైరెక్టరుగారు విన్నవించుకున్నారు. రేపటికల్లా అందరినీ పైకి చేర్చమని ఆజ్ఞాపించి, పక్క గేటు గుండా మంత్రిగారు మూడో అంతస్తులోంచి నేరుగా కారెక్కి వెళ్ళిపోయారు.

బోర్డులు మళ్ళీ మార్చడానికి లేకపోయింది. మార్చితే పేపర్లో పడ్డ ఫోటో తప్పవుతుంది. మర్నాడు కొత్త సర్క్యులర్ వచ్చింది. పిల్లలు ఇకమీదట మెట్లు దిగి పైకి వెళ్ళాలి, ముఖం కిందకే ఉండాలి. నా సంతోషం చెప్పలేను. బడి పిల్లలందరూ భిన్నాల మాస్టారి గదికి వస్తున్నారు. మా పిల్లకి పరీక్ష గండం గడిచినట్టే అనుకున్నాను. పొద్దున తనని నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. సంచీ పైన గదిలోనే ఉండిపోయిందని తెచ్చుకోవడానికి వెళ్ళి, పిల్ల, అలవాటుగా పైకి ఎక్కేసిన మిగతావాళ్ళతో కలిసి దిగుతోంది.

సగం మెట్ల దగ్గర అందరూ ఆగిపోయారు. కిందనుంచి భిన్నాల మాస్టారు ఎక్కి వస్తున్నారు. ఒక చేతిలో సుద్దముక్కల డబ్బా, ఇంకో చేతిలో ఆర్డరు. అంకగణితం పోస్టు కింద అంతస్తుకి మంజూరైంది. కింద అంతస్తు బోర్డు ఇప్పుడు పైనుంది.

"మీరు కిందకా మాస్టారూ?" అంది మా మనవరాలు.

"అవునమ్మా. నువ్వు పైకా?"

"అవునండి. పావులో సగం మిగిలిపోయింది."

మాస్టారు ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నారు. అక్కడే మెట్టు మీద కూర్చుని, పక్క గోడ మీద సుద్దతో ఒక గుండ్రని మాత్ర గీసి, దాన్ని నాలుగు ముక్కలు చేశారు. పిల్లలు ఒక్కో మెట్టు మీదా సర్దుకున్నారు. ఎవరి ముఖం ఎటుందో చూడాల్సిన వాచ్‌మన్ కూడా ఓ మెట్టు మీద కూర్చున్నాడు.

డైరెక్టరుగారు తనిఖీకి వచ్చి ఆ గుంపుని చూశారు. మెట్లు ఏ అంతస్తు కిందకీ రావు కనుక అక్కడ ఎవరూ లేరని రాసుకుని, జాగ్రత్తగా పిల్లల కాళ్ళు తొక్కకుండా దాటుకుంటూ వెళ్ళిపోయారు. అప్పటికి మా మనవరాలు ఎనిమిదో వంతు దాకా వచ్చింది.