ఆగని బస్సుకు జేజేలు!

పాఠకులారా, మా ఊరి రైలు మూతపడడం దేవుడిచ్చిన వరం! దాని బదులు వచ్చిన బస్సు ఎవరికోసమూ ఆగదు. అందువల్ల మేమంతా నడుస్తున్నాం. నడక ఆరోగ్యానికి మంచిదా, కాదా? మీరే చెప్పండి!

మా క్లూన్‌గారా రైల్వే కంపెనీ చరిత్ర తలుచుకుంటేనే సిగ్గేస్తుంది. ఒకే ఇంజను, మూడు పెట్టెలు. యావత్ ఐర్లండ్‌లో దాన్ని మించిన నత్త లేదు. గొర్రెలు పట్టాల మీద పడుకుంటే డ్రైవర్ ఫింటన్ దిగి, వాటిని బతిమాలి లేపేవాడు. ఇక గురువారం వచ్చిందంటే డెలియాగారి గేటు దగ్గర ఆగి కూత వేయాల్సిందే. కౌంటీ ఆసుపత్రిలో ఉన్న చెల్లెలు ఊనాకి ఆవిడ రొట్టె పట్టుకెళ్లేది.

"ఒక్క నిమిషం ఆగు నాయనా, రొట్టె పొయ్యి మీదుంది!"

"నిదానంగా కానివ్వు తల్లీ! మాడిందో, నా ముక్కకి వెన్న రెట్టింపు రాయాలి!"

రొట్టె కోసం రైలు ఆగడమా! ఇదేం నాగరికతండీ?

చివరికి డబ్లిన్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. జనం కనిపిస్తే రైలు ఉంటుంది, లేదంటే ఊడుతుంది. వెంటనే రైలు పరిరక్షణ సంఘం పెట్టేశాం. అధ్యక్షుడెవరు? ఇంకెవరు, నేనే! ఆ ఒక్క రోజైనా బండి టైముకు నడిచి ఊరి పరువు నిలబెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. చప్పట్లు కూడా కొట్టుకున్నాం.

ఫింటన్ మాట నిలబెట్టుకున్నాడు. కంపెనీ పుట్టాక మొదటిసారి బండి ఠంచనుగా కదిలింది. డెలియాగారి గేటు దగ్గర కూడా ఆగలేదు. బండిలో ఇన్‌స్పెక్టరు ఒక్కడే ఉన్నాడు!

మరి మేమో? తాతల నాటి అలవాటు ఒక్క తీర్మానంతో పోతుందా? ఎప్పట్లాగే గంట ఆలస్యంగా, బ్యాండుతో, జెండాలతో తీరిగ్గా వచ్చాం. అధ్యక్షులవారు మరీ తీరిగ్గా, చెంపన సబ్బు నురగతో విచ్చేశారు. "రైలేదీ?" అని అడిగింది కూడా వారే. ఈ దారిలో ప్రయాణికులే లేరని ఇన్‌స్పెక్టరు రాసిపడేశాడు. తప్పేం రాశాడు పాపం!

మొన్న గురువారం యథాప్రకారం బస్సు తప్పిపోయి నడుస్తున్నాను. డెలియాగారు గేటు దగ్గర వేడి రొట్టె గుడ్డలో చుట్టి పట్టుకుని నిలబడింది. బస్సు ఆవిడ చెయ్యెత్తినా ఆగకుండా బురద చిమ్మి పోయిందట.

"ఏం బాబూ, బస్సు తప్పిపోయిందా?"

"అబ్బే! ఆరోగ్యం కోసం నడుస్తున్నానండీ," అన్నాను ఛాతీ విరుచుకుని.

"చల్లగా ఉండు నాయనా. ఎలాగూ నడిచేవాడివే కదా, ఇది మా ఊనాకి ఇచ్చిరా. నా కాళ్లు అంత దూరం రావు. నన్ను చూడక ఎంత బెంగెట్టుకుందో, పిచ్చిది."

ఆసుపత్రి పదకొండు మైళ్లు! కాదంటే నా ఆరోగ్య సూత్రాలు ఏం కావాలి? పుచ్చుకుని బయలుదేరాను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే, ఆవిడ ఇంకా గేటు పట్టుకుని అక్కడే ఉంది.

పొద్దుగూకేవేళకు చేరాను. రొట్టె చల్లారిపోయింది. ఊనా దాన్ని అందుకోనేలేదు, నా భుజం మీంచి తలుపు వైపే చూస్తోంది.

"అక్కేదీ?"

"వస్తుందమ్మా," అన్నాను. "రొట్టె పొయ్యి మీదుందట. ఒక్క నిమిషం ఆగమంది."