లోపలి కంప్యూటర్ ముహూర్తం

ఆ గురువారం పొద్దున సృజన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది నలభైకి పూజ, సూదులు కొనే కంపెనీ నుంచి పదకొండుకు వచ్చే మేడంకు తనిఖీ చూపించడం, సాయంత్రం పర్మినెంట్ కాగితం పట్టుకుని ఇంటికి పోవడం. మూడేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న అమ్మాయి ఇంతకంటే ఏం కోరుకుంటుంది? "మేడం ముంగట మంచిగ నడిస్తే సాయంత్రం సంతకం పెడ్త బిడ్డా" అని యజమాని వెంకటేశం అందరి ముందూ మాటిచ్చాడు. నడవకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సుల్తాన్‌పూర్‌లోని ఆ ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ సూదులు తయారవుతాయి. ఒక్కో సూది మొనను కెమెరా ఫోటో తీస్తే, అది వంకరో తిన్ననో ఒక ప్రోగ్రామ్ తేలుస్తుంది. ఆ ప్రోగ్రామ్‌కు విండోస్ కావాలి. తనిఖీ గదిలో కొత్తగా కొన్న కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ అనే వేరే వ్యవస్థ. సృజన ఇంకో కంప్యూటర్ అడగలేదు. ఉన్నదాని లోపలే సాఫ్ట్‌వేర్‌తో మరో కంప్యూటర్‌ను నిలబెట్టి, అందులో విండోస్ ఎక్కించింది.

ఈ సంగతి ప్యాకింగ్‌లో పనిచేసే ఆమె తల్లి మొగులమ్మకు తెలిసిన నాటినుంచి ఫ్యాక్టరీలో ఎవరికీ నెమ్మది లేదు. "మా సృజన కంప్యూటర్ల కంప్యూటర్ పెట్టింది" అని కనిపించినవారికల్లా చెప్పింది. ఆ మాట క్యాంటీన్ దాటేసరికి లోపలి కంప్యూటర్లు మూడయ్యాయి, గేటు చేరేసరికి ఏడయ్యాయి. వెంకటేశం తన వంతుగా ఇంకాస్త కలిపి, సూదులు కొనబోయే కంపెనీలో నాణ్యత చూసే హైమావతి మేడంకు ఫోన్‌లో వినిపించాడు. "అయితే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ పెట్టండి, అదే చూస్తాను" అంది ఆవిడ.

బుధవారం సాయంత్రం సృజన కొత్త వెర్షన్ ఎక్కించింది. ఒకసారి తెరిచి చూద్దామంటే వెంకటేశం అడ్డం పడ్డాడు.

"రేపు ఎనిమిది నల్వైకి ముహూర్తం. ఇస్మాయిల్‌ఖాన్‌పేట పంతులు పెట్టిండు. అప్పటిదాంక తెర్వొద్దు. తెరిచినంక మొదటి డబ్బ పాసయ్యేదాంక బంద్ చెయ్యొద్దు."

గురువారం సరిగ్గా ఎనిమిది నలభైకి కంప్యూటర్ పెట్టెకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. సృజన ప్రోగ్రామ్ తెరిచింది. కొత్త వెర్షన్‌కు కావలసిన సదుపాయం ఈ ప్రాసెసర్‌లో లేదని, కాబట్టి తాను నడవనని అది ఇంగ్లీషులో మర్యాదగా తెలియజేసింది.

వెంకటేశం ముఖం కందగడ్డ అయింది. "లేదా? ఏం లేదు? సంగారెడ్డి మొత్తంల గింత పిరం కంప్యూటర్ ఇంకోడు కొన్నడా?"

అది అమ్మిన చంద్రకాంత్ ఆయనకు దూరపు మేనల్లుడు. ఫోన్‌లో నాలుగు మాటలు పడేసరికి బిల్లూ, అట్టపెట్టె వెంటేసుకుని గంటలో వచ్చి వాలాడు. లినక్స్‌లోకి వెళ్లి ప్రాసెసర్ సదుపాయాల చిట్టా తెరిచాడు.

"ఇగో సూడు మామా, ఉన్నది. నా మాల్‌ల తక్కువేం లేదు."

"మరి గదేంది లేదంటున్నది?"

"గది ఈ పిల్ల పెట్టింది మామా. ఆమెనే అడుగు."

అందరూ సృజనవైపు తిరిగారు. బయటిది ఉందంటోంది, లోపలిది లేదంటోంది, రెండూ ఒకే పెట్టె. ఈలోగా గుమ్మం దగ్గర తొంగిచూసినవారెవరో, సృజన కంప్యూటర్ పాడైందని ప్యాకింగ్‌లో చెప్పారు. క్యాంటీన్‌లో అది కాలిపోయింది. గేటు దగ్గర ఏడూ కాలిపోయాయి. వాచ్‌మన్ సంగప్ప మంటలార్పే ఎర్ర సిలిండర్ భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏడింట్ల ఏది అంటుకున్నది సార్?"

"నా కడుపు!" అన్నాడు వెంకటేశం.

సంగప్ప వెనకే మొగులమ్మ ఉరికొచ్చింది. "ఏమైంది బిడ్డా?"

"బయటిదాంట్ల ఉన్నదమ్మా. లోపలిది లేదంటున్నది" అంది సృజన.

మొగులమ్మ ఊపిరి పీల్చుకుంది. "గింతేనా? మనం పటాన్‌చెరుల కిరాయికుంటున్న గది లెక్కనే గదా! ఓనర్‌కు బోరున్నది, మీద ట్యాంకున్నది. మన గదిలకు నల్లా ఇయ్యలే. నీళ్లు లెవ్వని మనమంటం, ఉన్నయని ఆయనంటడు. ఇద్దరం అబద్ధం చెప్తలేం. పైపే ఎయ్యలే."

సృజన తల్లివైపు నోరు తెరుచుకుని చూసింది. లోపలి కంప్యూటర్‌ను నిలబెట్టిన రోజు, ఎక్కడైనా ఆడుతుందని దానికి ఓ పాత రకం ప్రాసెసర్‌ను చూపించి ఊరుకుంది తనే. అది ఆ పాతదాన్నే నమ్ముకుని కూర్చుంది. గబగబా సెట్టింగులు తెరిచింది. బయటి ప్రాసెసర్‌లో ఉన్నవన్నీ లోపలికి చూపించమనే గడి ఒకటి ఖాళీగా ఉంది. టిక్కు పెట్టింది.

"అయిపోయింది సార్. లోపలిదాన్ని ఒక్కసారి పూరాగ బంద్ చేసి మళ్ల చాలు చెయ్యాలె."

"బంద్ ముచ్చటే ఎత్తకు! ముహూర్తం ఏం గావాలె?"

గడియారం పది యాభై చూపిస్తోంది. మళ్లీ మొగులమ్మే అందుకుంది. "సార్, దండ దేనికేసిన్రు? బయటి పెట్టెకే గదా. ముహూర్తం దానిదే. అది నడుస్తనే ఉంటది. లోపలిదానికి ఎవ్వలు బొట్టు పెట్టిన్రు?"

వెంకటేశం చంద్రకాంత్‌ను చూశాడు, సంగప్పను చూశాడు. చివరికి కానిమ్మని చెయ్యి ఊపాడు. లోపలి కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. ప్రోగ్రామ్ ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. ఎందుకైనా మంచిదని వెంకటేశం ఈసారి తెర మీద కూడా బొట్టు పెట్టాడు.

హైమావతి మేడం సమయానికే వచ్చింది. ముందురోజంతా తానే కూర్చుని ఏరిన నూరు సూదుల డబ్బాను, ఆ సంగతి మేడంకు చెప్పి మరీ, వెంకటేశం మీసం సవరించుకుంటూ కెమెరా ముందు పెట్టించాడు. రెండు నిమిషాల్లో ఫలితం వచ్చింది. ఎనభై ఎనిమిది పాస్. పన్నెండు వంకర.

వెంకటేశం సృజన చెవి దగ్గర వంగాడు. "బిడ్డా, జెర బయటి కంప్యూటర్‌ను గూడ అడుగు. అదేమంటదో."

కెమెరా పట్టింపు కొంచెం సడలిస్తే ఆ పన్నెండూ పాసవుతాయని సృజనకు తెలుసు. పర్మినెంట్ కాగితం ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసు. అయినా చెయ్యి కదపలేదు. "వంకర ఉన్నయి సార్" అంది, అందరికీ వినిపించేలా.

హైమావతి ఒక సూదిని భూతద్దం కింద పెట్టి చూసింది. రెండోది చూసింది. "మూడు ఫ్యాక్టరీలు తిరిగాను. ఓనర్లు ఏరిచ్చిన డబ్బాలు అన్నిచోట్లా నూటికి నూరూ పాసయ్యాయి. ఓనర్ డబ్బానే తప్పుబట్టే తనిఖీ ఇక్కడే చూశాను. ఆర్డర్ మీకే ఇస్తాం. ఈ గది మాత్రం ఈ అమ్మాయి చేతిలోనే ఉండాలి."

సృజనకు గుండె నిండిపోయింది. ఇన్నాళ్లూ తల్లి గొప్పలు చెబుతుంటే సిగ్గుతో తలవంచుకునేది. ఈసారి తలెత్తే నిలబడింది. మొగులమ్మ మాత్రం కొంగుతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం వెంకటేశం సంతకం పెట్టి, కాగితం ఆమె చేతికిచ్చి, తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, గా డబ్బ ఎవరు ఏరిన్రో రిపోర్టుల గిట్ల వస్తదా?"

"మొదటి వరుసలనే వస్తది సార్."

కాంట్రాక్టు మీద ఉన్నప్పుడే ఆడని అబద్ధం ఆమె ఇప్పుడెందుకు ఆడుతుంది?