నాలుగు వేళ్ల ఎత్తు

ఆ ఉదయం కేకులావిడ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. నాలుగు అంతస్తుల కేకుకు చివరి పూత పూయాలి, దాన్ని కారు డిక్కీలోకి ఎక్కించాలి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరి చివరి పెద్ద హోటలుకు చేర్చాలి. ఇందులో బావగారి ప్రస్తావన ఎక్కడా లేదు. కానీ ఆ ఇంట్లో ఆయన ప్రమేయం లేకుండా ఇంతవరకూ ఏ పనీ చెడిపోలేదు.

బావగారంటే ఆవిడ భర్తకు అన్న. సర్వే శాఖలో జీవితమంతా భూములు కొలిచి రిటైరై, తమ్ముడి ఇంటి పై వాటాలో దిగారు. కొలవడానికి భూములు లేకపోయినా ఆయన దగ్గర రసమట్టం మిగిలింది. గాజుగొట్టంలో గాలిబుడగ అటూ ఇటూ తిరిగే బద్ద అది. దేనిమీద పెడితే అది ఎటు వాలిందో చెప్పేస్తుంది. గోడ మీది పటాలూ భోజనాల బల్లా అయిపోయాక, తమ్ముడు నిద్రపోతుండగా మంచం మీద కూడా పెట్టి చూశారు. కొన్నాళ్ల కిందట ఆ బద్ద కారు డిక్కీలోకి చేరింది. బుడగ ముందువైపుకు పరిగెత్తింది. కారు వెనక భాగం దిగిపోయిందని ఆయన తేల్చేశారు. తేల్చిన దగ్గర్నుంచి, దాన్ని అమ్మేసి చిన్న కారు కొనుక్కోమని ఒకటే పోరు.

చిన్న కారులో కేకులావిడ కేకులు పట్టవు. పట్టినా నిలవవు. ఆవిడ కారు పాతదే, రంగు వెలిసిందే, ఆ వీధిలోని కార్లన్నిటికంటే పొడుగైనదే. కానీ దాని వెనక చక్రాల మీద ఇనుప స్ప్రింగులకు బదులు రబ్బరు గాలి తిత్తులున్నాయి. డిక్కీలో బరువు పెడితే కంప్రెసర్ వాటిలోకి గాలి ఎక్కిస్తుంది. బరువు తీస్తే గాలి వదిలేస్తుంది. వెనక భాగం ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది, కేకు కుదుపు తెలియకుండా ప్రయాణం చేస్తుంది. ఇదంతా ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. చెప్పి చెప్పి విసుగెత్తి, ఒకరోజు భోజనాల దగ్గర గరిటె కింద పెట్టేసింది.

"బావగారూ, నా కారు దిగలేదు. దిగిందని మీరు పదిసార్లు కొలిచినా దిగదు. హోటలు కేకు చెక్కుచెదరకుండా చేరిస్తే మళ్లీ ఈ ఇంట్లో కారు ఊసు ఎవరూ ఎత్తకూడదు. చేర్చలేకపోతే తీసుకెళ్లి అమ్మేయండి, నేను అడ్డం రాను."

బావగారు సరేనన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోమని ఆవిడ భర్త సైగ చేశాడు. ఈ కేకు కుదిరితే ఇకమీదట తమ విందులన్నిటికీ ఆవిడే కేకులు చెయ్యాలని హోటలు మేనేజరు మాటిచ్చి ఉన్నాడు. కారు పోతే ఆ మాటా పోతుంది, ఆవిడ ఇన్నేళ్లుగా పెంచుకున్న పనీ పోతుంది. ఆవిడ మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు.

కారు పోవాలన్నది బావగారి పట్టుదలే. అలాగని వంకరగా ఉన్నదాన్ని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. అందుకే ఆ పొద్దున ఆవిడ వంటింట్లో క్రీము గిలకొడుతుండగా, ఆయన పానాల పెట్టె పట్టుకుని పెరట్లోకి దిగారు. తమ్ముణ్ణి కూడా రమ్మన్నారు. తమ్ముడు గ్రంథాలయంలో పనిచేస్తాడు. గొంతు పెంచకపోవడం ఉద్యోగంలో అలవాటైపోయి, ఇంట్లో కాదనడం కూడా మరిచిపోయిన మనిషి.

బావగారి పరీక్ష పద్ధతి ప్రకారమే మొదలైంది. ముందు గాలి తిత్తుల మీద సబ్బునీళ్లు చల్లి చూశారు. ఎక్కడైనా చిల్లుంటే నురగ బుడగలు లేవాలి. ఒక్కటీ లేవలేదు. ఆయనకు కొంచెం నిరాశ కలిగింది. తరువాత తమ్ముణ్ణి కార్లో కూర్చోబెట్టి తాళం తిప్పించి కంప్రెసర్ చప్పుడు విన్నారు. అది నిక్షేపంలా ఉంది. ఇక మిగిలింది ఇరుసు పక్కనున్న సెన్సర్. దానికో చిన్న కడ్డీ, కడ్డీ చివర ఒక నట్టు. వెనక భాగం ఎంత ఎత్తులో ఉందో ఆ కడ్డీ వంగిన తీరును బట్టే కారుకు తెలుస్తుంది. దోషం అక్కడే ఉందని ఆయన తీర్మానించుకుని, నట్టు వదులుచేసి కడ్డీని కాస్త జరిపారు. లేచి డిక్కీలో రసమట్టం చూశారు. బుడగ కదల్లేదు. మళ్లీ వెళ్లి ఇంకాస్త జరిపారు. కదల్లేదు. ఈసారి కసికొద్దీ జరిపారు. ఊహూఁ.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ కారు దేనికీ వెంటనే స్పందించదు. చక్రం ప్రతి గతుకులో పడి లేచినప్పుడల్లా గాలి ఎక్కించుకుంటూ పోతే ఇక దాని పని అదే అవుతుంది. అందుకని, ఎత్తు నిజంగానే మారిందని నమ్మకం కుదిరేదాకా ఆగి చూస్తుంది. బావగారికి ఆగి చూసే అలవాటు లేదు. చేతులకంటిన మడ్డి కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయారు.

ఆయన అటు వెళ్లగానే కంప్రెసర్ గుర్రుమంది. స్టీరింగు ముందు పేపరు చదువుకుంటున్న తమ్ముడు మెల్లగా ముందుకు జారడం మొదలుపెట్టాడు. సంపాదకీయం సగంలో ఉండగా గడ్డం స్టీరింగుకు తగిలింది. అన్నయ్య ఏదో చేస్తున్నాడు కాబోలనుకుని పేపరు మడిచి అలాగే కూర్చున్నాడు. బావగారు తిరిగొచ్చేసరికి కారు తోక గాల్లో ఉంది, రసమట్టంలో బుడగ వెనక చివరికి అతుక్కుపోయి ఉంది. తను చెయ్యి వేసినప్పుడు కదలని కారు తను లేనప్పుడు లేచిందంటే, తమ్ముడే ఏ మీటో నొక్కి ఉంటాడని ఆయన నిర్ధారణకు వచ్చారు. తమ్ముడికి తనేం నొక్కాడో గుర్తు లేదు గానీ, అన్నయ్య అన్నాడు కాబట్టి నొక్కే ఉంటానని ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక ప్రాయశ్చిత్తంగా ఒక ఉపాయం చెప్పాడు. వెనక బరువు పెడితే దిగదా అన్నాడు. ఇద్దరూ కలిసి కొట్టుగదిలోంచి మైదాపిండి బస్తా తెచ్చి డిక్కీలో వేశారు. తోక దిగింది. బుడగ మధ్యకు వచ్చింది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని సంతోషించారు. ఆ సంతోషం తీరకముందే కారుకు నమ్మకం కుదిరింది. ఎవరో బరువెక్కించారని గ్రహించి, గాలి నింపుకుని మళ్లీ లేచింది. ఇంకో బస్తా వేశారు. దిగింది, ఆగింది, లేచింది. పంచదార బస్తా, తరువాత బాదంపప్పు డబ్బాలు, ఆ తరువాత వెన్న ఉన్న పెట్టెలు. వేసినకొద్దీ కారు మొండికెత్తింది, కారు మొండికెత్తినకొద్దీ బావగారూ మొండికెత్తారు. చివరకు కేకులావిడ దుకాణమంతా డిక్కీలోకి వచ్చింది, డిక్కీలో కేకు పట్టే చోటు మాత్రం లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ వంటింటి తలుపు తీసింది. కారును చూసింది, డిక్కీలోని సరుకును చూసింది, మోచేతులదాకా పిండిపట్టిన భర్తను చూసింది. బస్తాలన్నీ దింపమంది. దింపేసరికి తోక ఇంకా పైకి లేచి, ఆ తరువాత తిత్తుల్లోంచి బుస్సున గాలి వదులుతూ కాస్త కిందికి వచ్చింది. పేలిపోయిందనుకుని ఆవిడ భర్త గోడవారకు దూకాడు.

"సెన్సర్ మీద చెయ్యి వేసింది మీరేనా?" అంది ఆవిడ.

బావగారు అబద్ధమాడే మనిషి కాదు. వేశానన్నారు. ఎక్కడిది అక్కడ పెట్టమని ఆవిడ చెప్పింది. ఆయన కిందికి వంగి కడ్డీని వెనక్కి జరిపిన మాట నిజమే గానీ, పాతచోటిదాకా జరపలేదు. తన బుద్ధికి తోచిన చోట ఆపేశారు. ఆపి లేవగానే ఆవిడ అందుకుంది. తనని అడక్కుండా తన కారు ముట్టుకోవడమేమిటని, భర్త చేతులు పుస్తకాలు సర్దుకోవడానికి పనికొస్తాయి గానీ బస్తాలు మొయ్యడానికి కాదని, ఒకరిని విడిచి ఒకరిని దులిపేసింది. తిట్లు తింటున్నంతసేపూ బావగారికి వేరే పని చేసే వీల్లేకపోయింది. కారుకు కావలసిన వ్యవధి అలా దొరికింది. ఆవిడ ఊపిరి తీసుకునేసరికి తోక దిగి కుదురుకుంది. రసమట్టంలో బుడగ నట్టనడుమ నిలబడింది.

"చూశావా అమ్మాయ్, ఇప్పుడు సమంగా ఉంది," అన్నారు బావగారు, తిట్లన్నీ మరిచిపోయి.

ఆవిడ వెనక చక్రం దగ్గర కూర్చుని, టైరుకూ పైనున్న రేకు అంచుకూ మధ్య చెయ్యి పెట్టింది. "ఇక్కడ నాలుగు వేళ్లు పట్టాలి. కారు కొన్నప్పటినుంచీ నాలుగు వేళ్లే. ఇప్పుడు చూడండి, పిడికిలి దూరుతోంది. ఇది లేచిపోయిన కారు."

వేళ్లతో కొలవడం కొలత కాదన్నారు బావగారు. మనిషి చెయ్యి తప్పు చెప్పవచ్చు, బుడగ చెప్పదన్నారు. ఆవిడ కడ్డీ మళ్లీ మారిస్తే, దారిలో కేకు పడిపోయినప్పుడు ఆ పాపం ఆవిడదే అవుతుందని కూడా అన్నారు. ఆవిడ ముట్టుకోనంది.

"మీ బుడగ మాట మీదే వెళ్దాం. కానీ వెనకాల కేకు దగ్గర మీరు కూర్చోవాలి. పడితే మీ మీదే పడాలి."

కేకు డిక్కీలోకి ఎక్కింది. బావగారు మడిచిన సీటు మీద మోకాళ్లు పెట్టుకుని దాని ముందు కూర్చున్నారు. పక్కన రసమట్టం పెట్టుకున్నారు. భర్త చేతిలో పానాతోనే ముందుసీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. కారు గేటు దాటి వీధిలోకి వచ్చింది.

వీధిలోకి రాగానే బుడగ వెనక్కి జారిపోయింది. కేకు నాలుగో అంతస్తు బావగారి వైపు వంగి ఆయన మొహంలోకి చూడసాగింది. ఆయన రెండు చేతులూ చాచి రెండో అంతస్తును పొదివి పట్టుకున్నారు. వేళ్లు క్రీములో దిగబడ్డాయి.

"అమ్మాయ్, కారు ఆపు. ఈ రోడ్డు వాలుగా ఉంది."

"ఈ రోడ్డా? దీన్ని కొలిచింది మీరే కదండీ. ఊరు మొత్తంమీద ఇంత చదునైన రోడ్డు లేదని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతారు."

రోడ్డును అనుమానిస్తే బావగారు తన ఉద్యోగాన్ని అనుమానించుకున్నట్టే. బుడగను అనుమానించడం అంతకంటే కష్టం. ఆవిడ కారును పక్కకు తీసి ఆపింది, భర్త చేతిలోంచి పానా లాక్కుని కిందికి దిగింది. ఏళ్లుగా నట్టు బిగిసి ఉన్నచోట దుమ్ము పట్టని గుండ్రటి మచ్చ మెరుస్తూ కనిపించింది. కడ్డీని ఆ మచ్చ మీదికి జరిపి బిగించి లేచింది. ఏమీ జరగలేదు. భర్త కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంకొంచెం జరపాలేమోనన్నాడు.

"జరపక్కర్లేదు. దానికి నమ్మకం కుదరనివ్వండి," అని ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ రోడ్డు మీద నిలబడింది. వెనకాల కార్లు హారన్లు మోగించాయి. ఆవిడ వాటి వైపు తిరగనైనా తిరగలేదు. తిత్తుల్లోంచి సన్నగా గాలి వదులుతున్న చప్పుడు వినిపించింది. తోక దిగింది. కేకు బావగారి చేతుల్లోంచి వెనక్కి జరిగి, ఆయన సాయం అక్కర్లేనట్టు నిటారుగా నిలబడింది. ఆవిడ చక్రం పైన చెయ్యి పెట్టింది. సరిగ్గా నాలుగు వేళ్లు. బావగారు మెడ తిప్పి చూశారు. బుడగ నట్టనడుమ ఉంది.

"మరి ఇంటి దగ్గర?" అన్నారు ఆయన.

"ఇంటి దగ్గర గచ్చు వాలుగా ఉంది బావగారూ. వాననీళ్లు వెనక కాలువలోకి పోవాలని మీరే దగ్గరుండి అలా పోయించారు. కారు వెనక చక్రాలుండేది కాలువ పక్కనే."

ఆయన ఆ నేలను ఎన్నడూ అనుమానించలేదు. తను పోయించిన నేల కదా.

హోటల్లో కేకును బల్ల మీద దించాక అసలు చిక్కు బయటపడింది. రెండో అంతస్తు మీద రెండు అరచేతుల ముద్రలు, పది వేళ్లతో సహా. ఒప్పందంలో చెక్కుచెదరకుండా అన్న మాట ఉంది. ఆవిడ పూత కత్తి అందుకోలేదు, ముద్రల్ని దాచడానికి ప్రయత్నించలేదు. బావగారికి ఎదురుగా నిలబడింది.

"చెప్పండి బావగారూ. ఇది కారు చేసిందా, చేతులు చేశాయా? మీరేది చెబితే అదే."

బావగారు కేకును చూశారు, క్రీము ఎండిపోతున్న తన వేళ్లను చూసుకున్నారు. జీవితంలో ఎన్నో సరిహద్దు తగాదాలు తీర్చిన మనిషి. తన పొలం గట్టు గురించి తీర్పు చెప్పుకోవలసి రావడం ఇదే మొదటిసారి.

"చేతులే," అన్నారు. "కారు నిలబెట్టింది. కారు జోలికి ఇక ఎవరమూ రాం."

అప్పుడు ఆవిడ కత్తి తీసుకుని పూత సరిచేసింది. మేనేజరు వచ్చి చూసి మెచ్చుకుని, వచ్చే నెల విందుకు ఎలాంటిది కావాలో చెప్పసాగాడు. బావగారిని చూసి ఈయనెవరని అడిగాడు. మా బావగారు, నా దగ్గరే పనిచేస్తున్నారని ఆవిడ చెప్పింది. బావగారు కాదనలేదు.

సాయంత్రం మేడ మీదనుంచి ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న మాటలు కిందికి వినిపించాయి. మరదలి కారు వెనక భాగం గాడి తప్పితే తనే పరీక్షించి, దోషం ఎక్కడుందో కనిపెట్టి, ఒక్క పూటలో తేల్చేశానంటున్నారు. అది విని ఆవిడ భర్త పైకి వెళ్లి ఖండించబోయాడు. పుట్టి బుద్ధెరిగిన తరువాత అతను ఎవరినైనా ఖండించబోవడం అదే ప్రథమం. ఆవిడే చెయ్యి పట్టుకుని ఆపింది. కారు ఉండిపోయింది కాబట్టి పేరు ఆయన్నే ఉంచుకోమంది, పానాల పెట్టె మాత్రం తీసుకెళ్లి హోటలు మేనేజరు దగ్గర దాచిపెట్టి వచ్చింది.